తువ్వాలు ఎవరి భుజం మీద ఉంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం సెలవులు మొదలైతే చాలు, మీ పేపర్లో ఒక హెడ్డింగ్ తప్పకుండా కనిపిస్తుంది. "విహారంలో విషాదం", లేదంటే "ఈత సరదా ప్రాణం తీసింది". ఏళ్లుగా అదే హెడ్డింగ్, ఊరి పేరూ చెరువు పేరూ మారుతుంటాయంతే. నేనూ టీ తాగుతూ చదివి, "అయ్యో పాపం, అక్కడ పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో" అనుకుని పేజీ తిప్పేసేదాన్ని. పోయిన మే నెలలో ఆ వార్త మా ఇంటి గడప దాకా వచ్చి వెళ్లింది. కాబట్టి పెద్దవాళ్లు ఏం చేస్తుంటారో ఇప్పుడు చెప్పగలను. పక్కనే ఉంటారు. ఆ రోజు మేం ఇరవై ఆరుగురం ఉన్నాం.

మా అన్నయ్య కొడుక్కి ఆరేళ్లు నిండాయని శామీర్‌పేట దాటాక ఒక ఫార్మ్‌హౌస్ తీసుకున్నాం, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అద్దె. నిజామాబాద్ నుంచి వదిన పుట్టింటివాళ్లు, ఖమ్మం నుంచి చిన్నాన్న వాళ్లు వచ్చారు. మగవాళ్లు బొగ్గుల మీద చికెన్ కాలుస్తున్నారు, మేం ఆడవాళ్లం స్పీకర్ పెట్టుకుని రీల్స్ తీసుకుంటున్నాం, పిల్లలు ఎనిమిది మంది స్విమ్మింగ్ పూల్‌లో ఉన్నారు. వదిన లోపలికి వెళ్తూ "జర పిల్లల్ని చూస్తుండండి" అంది. ఎవరితో అంది? అందరితో. అంటే ఎవరితోనూ కాదు. అక్క చూస్తోందని నేననుకున్నా, నేను చూస్తున్నానని అక్క అనుకుంది, ఆడవాళ్లున్నారు కదా అని మగవాళ్లు అనుకున్నారు.

ఆ పూల్ ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు ఐదున్నర. లోతు ఎక్కడ మొదలవుతుందో తెలిసే గుర్తే లేదు, అంతా ఒకటే నీలం టైల్స్. మా అన్నయ్య కొడుకు గాలి ట్యూబ్ జారిపోయింది. వాడు అరవలేదు, చెయ్యెత్తి పిలవలేదు. సినిమాల్లో మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారు కానీ నిజంగా మునిగేవాళ్లకి అరవడం కుదరదు, నోరు పైకి తేలిన ఆ కాస్త టైమూ గాలి పీల్చుకోవడానికే చాలదు. పదకొండేళ్ల మా మేనకోడలు వచ్చి "అత్తా, తమ్ముడేంది గట్ల నిలబడ్డడు?" అని అడిగింది. చూస్తే తల వెనక్కి వాలిపోయి ఉంది, నోరు సరిగ్గా నీళ్ల మట్టానికి ఉంది, కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు కదులుతున్నాయి. మా తమ్ముడు జేబులో ఫోన్‌తోనే దూకేశాడు.

రాత్రి ఇంటికొచ్చాక నా ఫోన్లో ఆ రీల్ చూశాను. మేం నలుగురం స్టెప్పులేస్తున్నాం, వెనకాల కుడివైపు మూలన ఖాళీ ట్యూబ్ ఒకటి తేలుతోంది. మొత్తం 19 సెకన్లు.

పైకి తీశాక జరిగింది కూడా చెప్పాలి. చిన్నాన్న వాణ్ణి కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు, ఇంకొకాయన పొట్ట నొక్కమంటున్నాడు. వాడు తనంతట తానే దగ్గి ఊపిరి తీసుకున్నాడు కాబట్టి సరిపోయింది. తర్వాత డాక్టర్ గారు గట్టిగానే తిట్టారు. పొట్ట నొక్కితే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వేలాడదీస్తే ఉన్న టైమంతా వృథా. ఊపిరి లేకపోతే వెంటనే పడుకోబెట్టి నోటితో ఊపిరి అందించాలి, ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ చేయాలి, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రిలో చూపించాలి, తర్వాత కొన్ని గంటలకి ఊపిరి ఇబ్బంది మొదలవ్వొచ్చు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎర్ర తువ్వాలు ఒకటి ఉంది, అది ఎవరి భుజం మీద ఉంటే పిల్లలకి కాపలా వాళ్లే. ఇరవై నిమిషాలు. ఫోన్ పక్కవాళ్లకి ఇచ్చేయాలి, ముచ్చట్లు పెట్టకూడదు, బాత్రూంకి వెళ్లాలన్నా తువ్వాలు ఇంకొకరి భుజం మీద వేశాకే కదలాలి. మొదటిసారి మా బావ "ఏంది, నన్ను వాచ్‌మన్‌ని చేసినవ్" అని నవ్వాడు. బీరు తాగినవాళ్లకి తువ్వాలు ఇవ్వం, పూల్‌లోకీ రానివ్వం. ఆ రెండో రూల్ మీద ఇప్పటికీ గొడవే.

చెరువులూ క్వారీ గుంతల సంగతి ఇంకా ఘోరం. క్వారీలో ఒడ్డు నుంచి రెండడుగులు వేస్తే నిలువు లోతు, చెరువులో కాళ్లకి బురద, గుర్రపుడెక్క. ఒకడు మునిగితే వాణ్ణి పట్టుకోబోయి ఇంకొకడు, వాడి కోసం మరొకడు, అందుకే మీ వార్తల్లో ఎప్పుడూ ఇద్దరూ ముగ్గురూ ఉంటారు. ఈత రానివాళ్లు దూకకండి బాబూ. చీర విసరండి, చున్నీలు ముడేసి విసరండి, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరండి. నదుల దగ్గరైతే ఈత వచ్చినా లాభం లేని సందర్భాలుంటాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు, పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారని ఆ పిల్లలకి తెలిసేలోపే అంతా అయిపోయింది. డ్యామ్ కింద రాళ్ల మీద ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

ఎండ గురించి పేపర్లు బాగానే రాస్తాయి, కాబట్టి కొంచెమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో రికార్డు ఎండ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న నమోదైంది. ఇప్పుడు సరిగ్గా అదే తారీఖున రాష్ట్ర అవతరణ వేడుకలంటూ పిల్లల్ని మైదానాల్లో వరసగా నిలబెడుతున్నాం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, తికమకగా మాట్లాడినా అది వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి విసనకర్రతో గాలి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మజ్జిగ పోయకండి.

ఇక తిండి. పదకొండింటికి తెచ్చిన బిర్యానీని డ్యాన్సులన్నీ అయ్యాక మూడున్నరకి తెరుస్తాం. ఎండ 32 డిగ్రీలు దాటితే వండిన తిండిని గంటకి మించి బయట ఉంచకూడదంటారు, మనకి మేలో 32 అంటే చల్లటి రోజు! పచ్చి గుడ్డు మయోనైజ్‌ని 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది కూడా. ఎండలో పార్టీ అంటే పెరుగు చట్నీ చాలు.

నేను అడిగేది ఇదీ. ఆ హెడ్డింగ్ వేయాల్సి రాకముందే, సెలవులు ఇచ్చే వారంలోనే ఒక పేజీ ఇవ్వండి. జీహెచ్ఎంసీ వేసవి శిబిరాల్లో ఈత ఎక్కడ నేర్పుతున్నారో వేయండి. రోజువారీ అద్దెకిచ్చే ఫార్మ్‌హౌస్‌లలో లోతు గుర్తులు, తాడు, లైఫ్‌గార్డ్ తప్పనిసరి చేయాలని అధికారులని అడగండి. మేం వెళ్లినచోట మోటార్ ఆన్ చేసేదీ గేటు తీసేదీ పూల్ చూసేదీ ఒక్కడే, పాపం అతనికీ ఈత రాదు.

ఈ నెల ఇంకో ఫంక్షన్ ఉంది. మొన్న వేరే ఫార్మ్‌హౌస్‌కి ఫోన్ చేసి లోతెంత, లైఫ్‌గార్డ్ ఉంటాడా అని అడిగితే ఆయన కాసేపు ఆగి అన్నాడు: "అందరూ ఏసీ పనిచేస్తదా, పాటలు ఎంతసేపు పెట్టుకోవచ్చు అని అడుగుతరు మేడమ్. లోతు అడిగింది మీరే ఫస్ట్. ఉండండి, కొలిచి చెప్తా."

ఇట్లు,
ఒక మేనత్త,
నల్లకుంట, హైదరాబాద్