వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పనులు, ముఖ్యంగా లంక యాత్ర

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, రక్తదాన శిబిరం, పిల్లల బొమ్మల పోటీలు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటితో పేజీలు నింపను. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం, సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి. ఇక అందరూ అడుగుతున్నది శ్రీలంక యాత్ర గురించి. వెళ్ళొచ్చినవాళ్ళు ఇప్పటికీ ఆ కబుర్లే చెబుతున్నారు, వెళ్ళనివాళ్ళేమో సంఘం డబ్బుతో తిరిగొచ్చారా అని ఆరా తీస్తున్నారు. లేదండీ, ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు.

ట్రావెల్స్ వాళ్ళు మొదట ఇచ్చిన ప్లాన్‌లో క్యాండీ, నువర ఎలియ, బీచ్, రత్నాల షాపు అన్నీ ఉన్నాయి, అనురాధపురానికి మాత్రం ఒక పూట. కమిటీ దాన్ని తిప్పి పంపి, పాత రాజధానులు రెండే చాలు, అనురాధపురం, పొలన్నరువ, వాటినే తీరిగ్గా చూద్దాం అంది. సీతమ్మని బంధించి ఉంచారని చెప్పే చోట ఉన్న సీత ఎలియ గుడి చూడకుండా లంక వెళ్ళడమేంటని కొందరు అలిగారు. వాళ్ళ బాధ అర్థమైంది కానీ మూడు చోట్ల పరుగులు పెట్టి ఫొటోలు దిగి రావడం కన్నా ఇదే నయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

అనురాధపురం వెయ్యేళ్ళకు పైగా రాజధాని. శిథిలాలు అనగానే కూలిన గోడలు ఊహించుకున్నాం గానీ, అక్కడ శిథిలాల మధ్య ఇంకా పూజలు జరుగుతున్నాయి. అశోకుడి కూతురు సంఘమిత్ర బోధగయ నుంచి తెచ్చిన బోధి కొమ్మ పెరిగి చెట్టయిందని చెప్పే శ్రీమహాబోధి దగ్గర తెల్లబట్టలు కట్టుకుని తామరపూలు పట్టుకుని వచ్చే కుటుంబాలే ఎక్కువ, టూరిస్టులు తక్కువ. పౌర్ణమి అక్కడ ప్రభుత్వ సెలవు, పోయ అంటారు. ఆ రోజు రద్దీ మామూలుగా ఉండదట, తేదీలు పెట్టుకునేటప్పుడు పంచాంగం చూసుకోండి.

అక్కడి జేతవన స్తూపం ముందు మాత్రం అందరం కాసేపు నోరు మెదపలేదు. మహాసేనుడనే రాజు మొదలుపెట్టిన దీని ఎత్తు కట్టినప్పుడు 122 మీటర్లు, ప్రాచీన ప్రపంచంలో గిజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత అంత ఎత్తు కట్టడం ఇదే. ఇప్పుడు 71 మీటర్లే మిగిలింది. పట్టిన ఇటుకలు 9 కోట్లకు పైనే అని అంచనా. ఇల్లు కట్టి ఇటుకల లెక్కలతో టెన్షన్ పడ్డవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఈ అంకె వెంటనే ఎక్కింది. అదే ఊళ్ళోని అభయగిరి విహారంలో భిక్షువుల భోజనశాల దగ్గర అన్నం పెట్టడానికి రాతితో చేసిన పొడవాటి తొట్టి ఉంది. అయిదో శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ఈ విహారంలో అయిదు వేలమంది భిక్షువులు ఉండేవారని రాశాడు. మన అన్నదానం కమిటీ వాళ్ళు తొట్టి చుట్టూ నిలబడి ఎన్ని బస్తాల బియ్యం పడుతుందో లెక్కలేశారు, ఎవరి లెక్కా ఇంకొకరితో కలవలేదు.

ఇంతదూరం వెళ్ళింది ఎందుకంటే నా వరకు ఒకటే కారణం, అక్కడ మన పల్నాడు జాడ ఉంది. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన కట్టడాన్ని వాళ్ళు వాహల్కడ అంటారు, మన అమరావతిలో, నాగార్జునకొండలో ఉండే ఆయక వేదికలు గుర్తొస్తాయి. తేడా ఏంటంటే మనవాటి మీద అయిదేసి స్తంభాలు నిలబెట్టేవారు, అక్కడ అవి కనబడవు. మెట్ల ముందు పరిచే అర్ధచంద్ర శిల నాగార్జునకొండలోనూ ఉంది. అమరావతి పద్ధతిలో చెక్కిన పలనాటి సున్నపురాయి శిల్పాలు లంకలో దొరికాయి. అటునుంచి ఇటు రాకపోకలకీ సాక్ష్యం ఉంది: ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ ఏట బోధిశ్రీ అనే ఉపాసిక (బౌద్ధాన్ని పాటించే గృహస్థురాలు) వేయించిన శాసనంలో, తామ్రపర్ణి అంటే లంక నుంచి వచ్చిన ఆచార్యుల కోసం నాగార్జునకొండలో చైత్యగృహం, అంటే ప్రార్థనా మందిరం కట్టించినట్టు ఉంది. అక్కడ సింహళ విహారం అనే విహారమే ఉండేది. ఇవన్నీ బస్సులో మైకు పట్టుకుని చెప్తుంటే వెనక సీట్లవాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి.

మళ్ళీ అనురాధపురం కథకొస్తే, 993లో రాజరాజ చోళుడి సైన్యం లంక మీదకి వచ్చి పడింది. 1017లో రాజేంద్రుడి కాలంలో లంక రాజు అయిదో మహిందుణ్ణి పట్టుకుపోయారు, దాంతో అనురాధపురం కథ ముగిసింది. చోళులు పొలన్నరువకి మకాం మార్చి దానికి జననాథమంగళం అని పేరు పెట్టారు. 1070లో సింహళ రాజు మొదటి విజయబాహు వాళ్ళని వెళ్ళగొట్టినా రాజధాని మాత్రం అక్కడే ఉండిపోయింది. చోళుల శివాలయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అర్ధచంద్ర శిలల మీద చిన్న మార్పు గమనించాం. అనురాధపురంలో ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు వరసగా ఉంటాయి, పొలన్నరువలో ఎద్దు లేదు. శివుడి వాహనాన్ని కాలితో తొక్కకూడదని తీసేశారని గైడ్ చెప్పాడు.

పొలన్నరువలోని గల్ విహారలో ఒకే బండ మీద చెక్కిన బుద్ధ విగ్రహాలున్నాయి, పడుకున్న బుద్ధుడు 14 మీటర్లు. తలకింద దిండు మీద తల బరువుకి పడ్డ నొక్కు కూడా రాతిలో కనిపిస్తుంది! అందరికీ అదే నచ్చింది. నాకైతే పరాక్రమబాహు రాజు తవ్వించిన చెరువు, పరాక్రమ సముద్రం నచ్చింది. మన ఇరిగేషన్ రిటైర్డ్ ఇంజనీరు గారు గట్టు మీద నుంచి కదల్లేదు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కలావెవ చెరువు నుంచి అనురాధపురానికి తవ్వించిన 87 కిలోమీటర్ల కాలువకి మొదటి 17 మైళ్ళలో మైలుకి ఆరంగుళాల వాలే ఉందని ఆయన చెప్పారు, కానీ లెవెల్ మిషను లేకుండా ఎలా చేశారో ఆయన కూడా చెప్పలేకపోయారు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. స్తూపాల దగ్గర చెప్పులు, టోపీ తీసెయ్యాలి, మధ్యాహ్నం రాళ్ళు మాడిపోతాయి కాబట్టి మందం సాక్సులు పెట్టుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే ఊరుకోరు. పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోండి, టికెట్ దగ్గర అడుగుతారు. శాకాహారులు కొబ్బరి సంబల్ (మన కొబ్బరి పచ్చడి లాంటిది) తినేముందు తప్పకుండా అడగండి, చాలాచోట్ల ఎండుచేప పొడి కలుపుతారు. మనవాళ్ళలో ఒకరిద్దరు రెండోసారి వడ్డించుకున్నాక తెలుసుకున్నారు, పేర్లు రాయను.

రాబోయే ఏడాదికి కమిటీ ప్రతిపాదన: నాగార్జునకొండ, అనుపు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళకింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదకి, దగ్గర్లో ఒడ్డునున్న అనుపుకి తరలించి తిరిగి కట్టారు. లంక చూసొచ్చినవాళ్ళు తప్పకుండా రావాలి, లంక వెళ్ళనివాళ్ళకి ఇది ఖర్చు తక్కువ యాత్ర. గుంటూరు నుంచి బస్సు, ఒడ్డున ఉన్న ఇప్పటి ఊరు విజయపురి సౌత్ నుంచి కొండకి లాంచీ. లాంచీ సరిపడా మంది ఉంటేనే కదులుతుంది, అందుకే పేర్లు ముందే కావాలి. సర్వసభ్య సమావేశంలో తేదీ ఖాయం చేద్దాం. పాత చందా బాకీలున్నవాళ్ళు అదే రోజు కట్టేస్తే కోశాధికారి గారు సంతోషిస్తారు.

కార్యదర్శి