పండక్కి అటక దులుపుతూ

సింగ్‌నగర్, విజయవాడ

చి.సౌ. సునీతకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, బన్నీ కులాసా అని తలుస్తాను. సున్నుండల డబ్బాలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. నెయ్యి ఇంట్లో కాచినదే. పుణే చలికి గట్టిపడతాయి, బన్నీకి పెట్టేముందు కాసేపు ఎండ తగిలే చోట ఉంచు. వాడి పళ్లు అసలే కదులుతున్నాయన్నావు.

ఇంటికి రంగులు వేయిస్తున్నాం. హాల్లో వరద చార ఇంకా పోలేదు, రెండుసార్లు వేసినా చెమ్మ పైకి తేలుతోంది. ఈసారి పాత పూతంతా చెక్కి పుట్టీ పెట్టాలన్నాడు మేస్త్రీ. అందుకని అటక మీదవన్నీ దించాం. ఫోటోలు కడిగే నా డార్క్‌రూమ్ సామానే సగం ఉంది. ట్రేలు మూడు, డెవలపింగ్ ట్యాంకు, ఎర్ర బల్బు, ఫోటోలు వేయడానికి ఊటీలో తయారైన ఇందు బ్రోమైడ్ పేపరు ప్యాకెట్టు ఒకటి. ఆ ఫ్యాక్టరీయే మూతపడింది, ఆ పేపరుతో ఇంక పనేముంది? మీ అమ్మ అన్నీ భోగి మంటలో వేసేద్దామంది. ప్లాస్టిక్ కాలిస్తే పొగ విషమని చెప్పి, చెక్క పీట ఒక్కటే మంటకిస్తానన్నాను.

మొన్న పద్మత్త వాళ్లింటికి వెళ్లినప్పుడు రవి ఒక మాటన్నాడు. నువ్వు కెమెరా, మూడు లెన్సులు, ట్రైపాడ్ బ్యాగుతో సహా అమ్మకానికి పెట్టావట. వాడి ఫోన్‌లో చూపించాడు. బ్యాగు మీద బన్నీ స్కెచ్ పెన్నుతో గీసిన ఏనుగు కనపడింది, అది నీదేనని అప్పుడు తెలిసింది. సరే, నీ వస్తువు, నీ ఇష్టం. మళ్లీ అటక సంగతికొస్తాను.

సీసాల్లో డెవలపర్ కలిపే మందులు మెటాల్, హైడ్రోక్వినోన్ అడుగున గడ్డకట్టి ఉన్నాయి. మెటాల్ పడక మీ అమ్మ వేళ్లు పగిలేవి, గుర్తుందా? అయినా మే నెలలో డెవలపర్ ఇరవై డిగ్రీలకి దిగాలని గిన్నె చుట్టూ ఐసు ముక్కలు పేర్చేది ఆవిడే. బొమ్మ చెదరకుండా నిలపడానికి వాడే హైపో, వాడేసినది రెండు సీసాలుంది. అందులో వెండి కరిగి ఉంటుంది, కాలవలో పారబోయకూడదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాళ్లు తీసుకుంటారేమో కనుక్కుంటున్నాను.

ఇంక ఎన్‌లార్జర్, నెగటివులోని బొమ్మని పేపరు మీద పెద్దదిగా వేసే నా యంత్రం. దాని గురించి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఫోన్ కలవక నువ్వు ఎంత ఏడ్చావో అల్లుడుగారు తరవాత చెప్పారు. ఆ పొద్దున నేను పాల ప్యాకెట్ కోసం గేటు తీసేసరికి బుడమేరు వాగు నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. టీ తాగేలోపు మోకాళ్లకొచ్చాయి. మీ అమ్మ బియ్యం, మందులు, ఇంటి కాగితాలు డాబా మీదికి చేరేసింది. నేను మోసింది ఎన్‌లార్జర్. ఇనప స్తంభం, పీట, పైన దీపం డబ్బా, అన్నీ కలిపి ఎంత బరువో నీకు తెలుసు. దాన్ని వాడి పదిహేనేళ్లయింది, బల్బు కూడా లేదు. ఎందుకు దాని దగ్గరికే వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. వాటర్ ట్యాంకు కింద దాన్ని పెట్టి దిగేసరికి బీరువా కింది అరలోని నెగటివుల పెట్టెలు మూడూ మునిగిపోయాయి.

బుజ్జిబాబు నడుం లోతు నీళ్లలో దిగి వాటిని తెచ్చాడు. తడిసిన నెగటివులు అలాగే ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోతాయమ్మా, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. శుభ్రమైన నీళ్లలో ఉంచి, తడి మీదే ఒక్కొక్కటీ విడదీయాలి. శుభ్రమైన నీళ్లెక్కడివి? తాగడానికే లేవు. డాబా గొట్టంలోంచి పడే వాన నీళ్లు మీ అమ్మ బకెట్లలో పట్టింది. ఇద్దరం అంచులు మాత్రమే పట్టుకుని, వాన వెలిసినప్పుడల్లా బట్టల తాడుకి క్లిప్పులతో వేలాడదీశాం. వాన రాగానే మళ్లీ తీసి బకెట్లో వేయడం. రెండు రాత్రులు అదే పని. మూడోరోజు డ్రోన్ వచ్చి పులిహోర పొట్లాలు వదిలితే, ఆ గాలికి తాడు ఊగుతోందని మీ అమ్మ పొట్లాలు వదిలేసి రెండు చేతులూ తాడుకి అడ్డం పెట్టింది.

సగానికి పైగా పోయాయి. తులసికోట దగ్గర మామ్మ కూర్చున్న ఫోటో పోయింది. ఉండవల్లి గుహల దగ్గర నీ పదో ఏట నువ్వు తీసిన మొదటి రోలు దక్కింది. పన్నెండింటిలో తొమ్మిది. అందుకే ఇప్పుడు ఎన్‌లార్జర్ ఇచ్చేయడానికి నాకేమీ బాధ లేదు. దాన్ని మోసిన ఆ పది నిమిషాలు పెట్టెలు మోసి ఉంటే మామ్మ ఫోటో ఉండేది.

నువ్వు అమ్మేటట్టయితే మెమరీ కార్డు కెమెరాలోంచి తీశావో లేదో చూసుకో. ఫోటోలు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టు, రెండూ ఒకే బీరువాలో వద్దు. లెన్సులోకి టార్చి వేసి బూజు ఉందేమో చూడు, ఉంటే కొనేవాళ్లకి ముందే చెప్పు. డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. కొనేవాడు క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటే చేయకు. ఇంటికి రానివ్వకు, పగటిపూట నలుగురున్న చోట అల్లుడుగారిని తోడు తీసుకెళ్లు. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినా మరోసారి విను. మనిషి హడావుడిలో ఉన్నప్పుడే మోసపోతాడు. అమ్మేవాళ్లకి తొందరుందని తెలిస్తే కొనేవాడు సగానికి అడుగుతాడు. నీకేమైనా తొందరుందా అమ్మలూ?

మూడు ఆదివారాలయింది నువ్వు సరిగ్గా మాట్లాడి. "మళ్లీ చేస్తాను నాన్నా" అంటావు. రవి అడిగితే "ఇల్లు ఇరుకైంది, సామాను తగ్గిస్తున్నా" అని జవాబు పెట్టావట. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను. 1999లో నా యాషికా కెమెరా అమ్మినప్పుడు విసుగొచ్చిందని, అల్మరాలో చోటు లేదని అందరికీ చెప్పాను. నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మామ్మ ఆపరేషన్‌కి నాలుగు వేలు తక్కువయ్యాయమ్మా. మీ అమ్మకి కూడా రెండేళ్ల తరవాతే చెప్పాను. చెప్పి ఉంటే తన గాజులు తీసి ఇచ్చేది, అదే నా భయం. కానీ ఆ రెండేళ్లూ ఎవరితోనూ ఒక్క మాట పంచుకోకుండా తిరిగాను.

నిజంగా సరదా తీరి అమ్ముతున్నావనుకో, నాకు సంతోషమే. మోజు తీరిన వస్తువు బీరువాలో ఉంటే తలుపు తీసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఉద్యోగం సంగతైతే మాత్రం చెప్పు. నీ ఒంట్లో బాగోకపోయినా చెప్పు. పోస్టాఫీసు డిపాజిట్ ఫిబ్రవరిలో చేతికొస్తుంది, మీ అమ్మ మోకాలికి డాక్టరు ఏడాది దాకా ఆగొచ్చన్నాడు కాబట్టి ఆ డబ్బుతో మాకు వెంటనే పని లేదు. అల్లుడుగారు ఏమనుకుంటారోనని మొహమాటపడకు, ఆయనకి నేను వేరేగా ఫోన్ చేయను.

రాత్రిళ్లు ఆలస్యంగా తినకు. బన్నీకి స్కూలు బస్సు ఎక్కేటప్పుడు చెవులు కప్పు.

ఎన్‌లార్జర్ కోసం గుంటూరు నుంచి ఒక కుర్రాడు బుధవారం వస్తానన్నాడు. ఫిల్ము మీద తీస్తాడట, శ్రద్ధ ఉన్నవాడిలాగే ఉన్నాడు, డబ్బు తీసుకోను. దాని లెన్సు మాత్రం విప్పి మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. అది కూడా ఇచ్చేయాలో, నీకు ఉంచాలో బుధవారంలోపు ఫోన్ చేసి చెప్పు. పొద్దున ఆరింటి నుంచీ మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న