పెద్దోడికి అమ్మ రాసేది

రేయ్ పెద్దోడా,

బస్సుకిచ్చి పంపిన డబ్బా అందిందో లేదో ఒక్క ముక్క పెట్టొచ్చు కదరా. పైన శెనక్కాయల పొడి, అడుగున బెల్లం ఉండలు, అవి ముందు తిను, చీమలు పడతాయి. ఇక్కడంతా బాగానే ఉంది. మీ నాయనకి మోకాలు మళ్ళీ పట్టుకుంది, అయినా పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐకి పత్తి ఎయ్యాలని ఫోన్లో ఆ స్లాటు కోసం రోజూ కుస్తీ. ఈ 2025-26 పంటకి పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలు 8,110 అంట, తేమ 8 శాతం దాటితే రేటు కోత, 12 దాటితే అసలు కొనరంట, అందుకే మిద్దె మీదంతా పత్తే, బట్టలారేసుకునే జాగా లేదు.

మొన్న సరోజత్త వచ్చింది. ఉగ్గాని తింటా తింటా, మీవోడికి లేని మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిచ్చి జాబు ఇప్పించినారంట కదా, ఆ కన్సల్టెన్సీ నంబరు మావోడికీ ఇప్పియ్యి అనింది. నేను నవ్వి ఊరుకున్నా. ఆమె మాటలేం నమ్మేవి కాదులే, చిన్నోడి విషయంలో కూడా ఏందేందో చెప్పింది. నిన్ను అడుగుతాండానని కాదు.

శీను మామ వేరే సంగతేదో మాట్లాడతా చెప్పినాడు, పీఎఫ్‌కి 2014 నుంచి మనిషికి ఒకటే నంబరంట, ఎన్ని కంపెనీలు మారినా యాడ ఎన్ని నెలలు చేసిందీ దాంట్లో కనపడుతుందంట, కొన్ని కంపెనీలు చేర్చుకున్నాక కూడా వెరిఫికేషన్ చేయించి పంపించేస్తారంట. ఊరికే చెప్తాండా.

నీకు నిద్ర పడతాందా? వాట్సాప్‌లో రాత్రి రెండున్నరకి కూడా ఉన్నట్టు చూపిస్తాది. పడుకునే ముందు పాలు తాగు. నిద్రంటే మీ అబ్బ, అదే మా మామ, గుర్తొచ్చినాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో పత్తి ఆదోని యార్డుకే ఏసేవాళ్ళు, ముందురోజు సాయంత్రమే బండి కట్టుకుని పోయి రాత్రికి ఆడే పడుకునేది. మన వీధి చివరాయన, పేరెందుకులే, బరువు తూగాలని పత్తి బోరాల్లో నీళ్ళు చిలకరించేవాడు. మీ అబ్బని కూడా చల్లమన్నాడు, ఈయప్ప వినలేదు. ఆయన తెల్లార్లూ ఎవురొచ్చి చెయ్యి పెట్టి చూస్తారో అని బోరాలకి కావలి కాసినాడంట, మీ అబ్బేమో బోరాల మీదే గురకపెట్టి నిద్రపోయినాడంట, ఆ గురకకి పక్క బండ్లోళ్ళు తిట్టినారంట కూడా. పొద్దున్నే ఆయనకి మంచి డబ్బులొచ్చినాయి, అబద్ధమెందుకు. తర్వాత మండీవాళ్ళు మన ఊరి పత్తంతా తడిదేనని అందరికీ తరుగు తీసినారు, మీ అబ్బకీ తీసినారు. ఆ పండక్కి చీర రాలేదని మీ అవ్వ చచ్చేదాకా ఎత్తిపొడిచింది. అయినా ఈయప్ప మాత్రం మార్లేదు.

నువ్వు పుట్టేతలికే ముసలోడైపోయినాడు కానీ నీ గురక అచ్చం ఆయనదే.

ఆ, కర్నూలు సంబంధమోళ్ళు నీ జీతం ఎంతని అడిగినారు. మీ నాయన కొంచెం పెంచి చెబ్దామన్నాడు, నేనొద్దన్నా. రేపు ఆ పిల్ల నీ ఇంటికొచ్చి నెలాఖరుకి పర్సు తీసి చూడదా? ఆఫీసులో ఒక లెక్క, ఇంట్లో ఒక లెక్క, అత్తగారింట్లో ఇంకోటి, ఎవురికి ఏది చెప్పినావో గుర్తుపెట్టుకోనే నీ వయసంతా అయిపోతాదిరా. తెలీని పని తెలీదని చెప్పి అడిగి నేర్చుకో, దాంట్లో సిగ్గేముంది, నీకు చిన్నప్పుడు లెక్కలు అట్లనే కదా వచ్చినాయి. చూడు, క్లాసు పీకనని మీ నాయనకి చెప్పి మొదలుపెట్టినా.

ఒకవేళ, ఒకవేళే, అది నిజమైతే వాళ్ళు పట్టుకునే దాకా ఆగొద్దు. నువ్వే మానేసి యాడన్నా ఫ్రెషర్‌గా చేరు, జీతం పన్నెండు వేలైనా సరే. రూము బాడుగకి పత్తి డబ్బులు పడినాక పంపుతాం. నాయనకి నేను చెప్పుకుంటా, నువ్వు భయపడద్దు. కన్సల్టెన్సీ నంబరు కోసం ఆదివారం సరోజత్త మళ్ళీ వస్తాది, ఆమెకేం చెప్పాలో ఆలోపల ఫోన్ చేసి చెప్పు.

అమ్మ