ఇకపై మా షాపులో ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌కి తేలే మేత అమ్మం

అందరికీ నమస్కారం. మద్రాసు కొళత్తూరులో ఇన్ని చేపల షాపులుండగా పెరంబూరు నుంచి, విల్లివాక్కం నుంచి మా దగ్గరికే వచ్చే మీకు ఈ సంగతి ఇంకొకరి నోట తెలియకూడదని రాస్తున్నాను. ఇన్నాళ్లూ మీరు తీసుకెళ్లిన నీలం మూత డబ్బా మేత ఇక మా దగ్గర ఉండదు. అది వేసే సప్లయర్‌తో లావాదేవీలు ఆపేశాను. అంతేకాదు, ఒరాండా, రాంచు, ర్యుకిన్, పెర్ల్‌స్కేల్ లాంటి గుండ్రటి ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్ రకాలకి పైన తేలే మేత ఏ కంపెనీదైనా సరే అమ్మను.

జరిగింది ఇదీ. డబ్బా అదే, లేబుల్ అదే, దానిమీద మునిగే మేత అన్న మాటా అదే. లోపలి గింజ మాత్రం మారిపోయింది. పెరంబూరు అక్క ఒకరు ఫోన్ చేసి, "తమ్ముడూ, మా ఒరాండా తోక పైకి లేచిపోతోంది, కిందికి దిగలేక కొట్టుకుంటోంది" అన్నారు. వెంటనే కౌంటర్ మీద గాజు గ్లాసులో నీళ్లు పోసి కొత్త సరుకు చిటికెడు వేశాను. ఒక్క గింజ మునగలేదు. అన్నీ గ్లాసు అంచుకి చేరి తేలుతున్నాయి. టీ తాగి వచ్చి చూస్తే బాగా ఉబ్బాయి, అయినా పైనే ఉన్నాయి. పాత డబ్బాలో మిగిలినవి వేస్తే వేసినవి వేసినట్టే అడుక్కి దిగాయి.

తేలితే నష్టమేమిటని కొందరు అడుగుతున్నారు. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. చేపని నీళ్లలో నిలకడగా ఉంచే గాలితిత్తికి, అంటే స్విమ్ బ్లాడర్‌కి, గొంతు గొట్టం నుంచి సన్నటి నాళం ఉంటుంది. పొట్టిగా గుండ్రంగా ఉండాలని తరతరాలుగా పెంచిన ఈ రకాల్లో పేగూ గాలితిత్తీ ఇరుకులో ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉంటాయి. పైనున్న గింజ కోసం నోరు తెరిచినప్పుడు చేప గాలి కూడా మింగొచ్చు. ఎండు గింజ లోపలికి వెళ్లి ఉబ్బితే మలబద్ధకం, ఆ ఒత్తిడి గాలితిత్తి మీద. కోయి, కామెట్ లాంటి పొడవాటి చేపలకి ఈ బాధ తక్కువ. వాటికి తేలే మేత ఎప్పటిలాగే దొరుకుతుంది.

ఆ సప్లయర్‌ని వదులుకోవడం నాకు తేలిక కాలేదు. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడితే పాత బాకీ గురించి ఒక్క ఫోన్ కూడా చెయ్యని మనిషి ఆయన. షాపు తెరిచాక మొదటి సరుకు అప్పు మీదే దింపాడు. అన్నా అనే పిలిచేవాణ్ని. అందుకే ముందు నేనే వెళ్లి మర్యాదగా అడిగాను. మేత తయారుచేసే మిల్లువాళ్లు మునిగే రకం ఆపేశారట, ఉన్నదే డబ్బాల్లో పోశాడట. పోనీ లేబులైనా మార్చమంటే, ఉన్న లేబుళ్లు అయిపోయాక చూద్దాం అన్నాడు. "తేలితే ఏంటి, మునిగితే ఏంటి, చేప తింటోందా లేదా? మిగతా షాపులవాళ్లెవరూ నోరెత్తలేదు. చేపలమ్ముకునేవాడివి, నీకెందుకీ డాక్టర్ లెక్కలు?" అన్నాడు.

ఆ మాట ఇంకా మింగుడు పడలేదు. చేపలమ్ముకునేవాణ్నే, కాదనను. కానీ నా ట్యాంకుల్లో వారాల తరబడి నిలకడగా ఈదిన చేపనే మీ చేతికిస్తాను. ఇప్పుడు మా వీధిలోనే "ఆ షాపు చేపలు తలకిందులవుతాయి" అని చెప్పుకుంటున్నారు. కష్టంలో ఆదుకున్నవాణ్ని వదిలేస్తామా అని మా ఆవిడ అంది. అందులోనూ న్యాయం ఉంది. చాలా రాత్రుళ్లు ఇదే టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మిల్లు ఆపేసిందని ఆయన ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఇద్దరం కలిసి వేరే సరుకు వెతుక్కునేవాళ్లం. చెప్పలేదు. చివరికి బాకీ పైసాతో సహా కట్టేసి వచ్చాను.

కొత్తగా తెప్పిస్తున్న మునిగే మేత కొంచెం ఖరీదెక్కువ. ప్రతి పెట్టె విప్పగానే కౌంటర్ మీద గ్లాసులో వేసి చూపిస్తాను, మీ కళ్లతో చూశాకే కొనండి. ఇంట్లో తయారుచేసిన జెల్ మేత కూడా పెడుతున్నాను. అందులో ఉడికించిన బఠాణీ, పాలకూర, స్పిరులినా అనే నాచు పొడి, రొయ్యపొడి ఉంటాయి. గట్టిపడటానికి జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ వాడాను. మద్రాసు ఎండల్లో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటితే జెలటిన్ కరిగి నీళ్లు పాడవుతాయి, అగర్ గట్టిగా నిలుస్తుంది.

ఏ మేతైనా రెండు పూటలా కొంచెం కొంచెం, ఒకటి రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే వెయ్యండి. ఎండు గింజల్ని ముందు కాసేపు నీళ్లలో నాననివ్వండి. వారానికొక రోజు పస్తు ఉంచితే చేపకేమీ కాదు, పిల్లలకి ఆ మాట నచ్చజెప్పడమే కష్టం. రాత్రంతా ఏసీ నడిచే గదిలో ట్యాంకు ఉంటే మేత ఇంకా తగ్గించండి, నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది.

ఇప్పటికే మీ చేప ఒరిగిపోతుంటే ఒకటి రెండు రోజులు మేత ఆపి, తర్వాత ఉడికించి తొక్క తీసిన బఠాణీ ముక్క పెట్టండి. అప్పటికీ కుదుటపడకపోతే బఠాణీలు కుక్కుతూ కూర్చోవద్దు. నీళ్లలో అమ్మోనియా పెరిగినా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా, పుట్టుకతోనే ఒళ్లు వంకరగా ఉన్నా ఇలాగే అవుతుంది. సీసాలో ట్యాంకు నీళ్లు పట్టుకురండి, టెస్ట్ చేసి చెబుతాను. డబ్బులేమీ వద్దు.

నీలం మూత డబ్బాలు మీ ఇంట్లో ఉంటే తెచ్చెయ్యండి. సగం వాడినా, బిల్లు లేకపోయినా పూర్తి డబ్బు వాపసిస్తాను. ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌కి తేలే మేతే కావాలంటే పక్క షాపుల్లో దొరుకుతుంది, నన్ను మాత్రం అడగొద్దు. ఆదివారం రద్దీగా ఉంటుంది కాబట్టి డబ్బాలు వాపసు ఇచ్చేవాళ్లు వీలైతే మామూలు రోజుల్లో సాయంత్రం పూట రండి.