అన్వేషణ ఆటల్లో తిరుగుదారి లెక్క

సంపాదకులకు,

వేసవి సెలవుల పేజీలో వీడియో గేమ్‌ల మీద మీరు వేసిన చిట్కాలు చదివాం. ముందు మంచి ఆయుధం సంపాదించి తర్వాత ముందుకు సాగమన్న సలహా కాల్పుల ఆటలకు చెల్లుతుందేమో గానీ, మైన్‌క్రాఫ్ట్, సబ్‌నాటికా, జెల్డా లాంటి అన్వేషణ ఆటలను కూడా అదే గాటన కట్టేశారు. వీటిలో కొత్తగా ఆడేవాళ్లు శత్రువు దెబ్బకు పోవడం ఒక ఎత్తయితే, లోపలికి పోయి వెనక్కి రాలేక పోవడం ఇంకో ఎత్తు. అందుకని చేతికొచ్చిన తొలి సరుకంతా ఎంత దూరం పోయి రాగలమో దాన్ని పెంచేవాటికే పెట్టాలి. గాలి, దమ్ము (స్టామినా), పటం, సంచి. కత్తి సంగతి తర్వాత.

సబ్‌నాటికా (2018) చూడండి. నీళ్లలో దిగేసరికి ఉండేది 45 సెకన్ల ఊపిరి. మూడు టైటానియంతో తయారయ్యే మామూలు ఆక్సిజన్ ట్యాంకు తగిలించుకుంటే 75, దాని పై రకానికి 135. చాలామంది ఈ అంకెను సగం చేసి, సగం గాలి అయిపోగానే వెనక్కి తిరుగుతారు. నెత్తిన అడ్డేమీ లేనప్పుడు ఆ లెక్క సరిపోతుంది, నిట్టనిలువుగా పైకి ఈదితే చాలు కాబట్టి. గుహలోనో, విరిగి మునిగిన ఓడ ముక్కలోనో దూరితే సరిపోదు. రెండు గదులు దాటాక ఏ తలుపులోంచి వచ్చామో తెలియదు. నిజంగా నీటి గుహల్లో ఈదేవాళ్లు పాటించే మూడో వంతు పద్ధతే ఇక్కడా దిక్కు: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, దారి తప్పితే వెతుక్కోవడానికి ఒక వంతు. 75 ఉంటే 25 ఖర్చవగానే మళ్లాలి, 135 ఉంటే 45కి. ఇంకో మెలిక కూడా ఉంది. 100 మీటర్లు దాటి దిగితే రీబ్రీదర్ (లోతులో గాలి వృథా కాకుండా కాపాడే ముసుగు) లేనివాడి గాలి త్వరగా కరిగిపోతుంది, తెర మీది అంకెను సెకన్లుగా నమ్ముకుంటే అంతే సంగతులు.

సీమాత్ అనే చిన్న జలాంతర్గామి చేతికి రాగానే పిల్లలకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అది తట్టుకునేది 200 మీటర్ల వరకే. ఆ గీత దాటితే బండి నలగడం మొదలవుతుంది. లోతు మాడ్యూళ్లు, అంటే ఇంకా లోతును తట్టుకునేలా బండికి తగిలించే భాగాలు, పెంచుకుంటూ పోతే 300, 500, ఆఖరికి 900 దాకా దిగుతుంది. అలాంటప్పుడు దొరికిన ఖనిజాన్ని టార్పెడోల మీద పెట్టడం శుద్ధ దండగ. పైగా ఈ ఆటలో పటమే లేదు. బయల్దేరేటప్పుడు రెండు బీకన్లు (చోటు గుర్తు చూపే పరికరాలు) సంచిలో వేసుకుని, గుహ మొదట్లో ఒకటి వదిలి పేరు పెట్టుకుంటే, ఎంత దూరంలో ఉందో తెర మీదే కనపడుతుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో రాతి పికాక్స్‌తో (తవ్వే పనిముట్టు) ఇనుము, ఇనుప పికాక్స్‌తో డైమండ్ అన్న మెట్లు ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చు. 2021 నాటి 1.18 వెర్షన్ నుంచి డైమండ్లు మైనస్ 59 మట్టం (ఆటలో ఎత్తు, లోతు చూపే అంకె) దగ్గర బాగా దొరుకుతాయనీ తెలుసు. తెలియనిదల్లా పనిముట్టు లెక్క. ఇనుప పికాక్స్ 250 దిమ్మెలు కొట్టాక విరిగిపోతుంది. రెండు దిమ్మెల ఎత్తున సొరంగం తీస్తే ఒక పికాక్స్ 125 దిమ్మెల దూరానికే సరి. అందుకే రెండు పికాక్స్‌లు, తిండి, కాగడాలు, ఒక బకెట్ నీళ్లు లేకుండా దిగకూడదు. బకెట్‌కు మూడు ఇనుప కడ్డీలు చాలు. నీళ్లెందుకంటే మైనస్ 54 కిందున్న గుహల్లో లావా నిండి ఉంటుంది. నిలబడ్డ దిమ్మెనే తవ్వే అలవాటున్నవాడు సరాసరి అందులోకే పోతాడు, వాడితో పాటు సామానూ కాలిపోతుంది. మెట్లు మెట్లుగా దిగడం ఆలస్యమే, కానీ అదే దారి. మరో రకంగా చస్తే కిందపడ్డ సామాను ఐదు నిమిషాలు ఉండి మాయమవుతుంది, కాబట్టి గని నోటి దగ్గరే మంచం వేసి ఒకసారి పడుకోవాలి, మళ్లీ పుట్టేది అక్కడే. పోయేటప్పుడు కాగడాలన్నీ కుడి గోడకే పెట్టాలి. వచ్చేటప్పుడు అవి ఎడమ చేతి వైపు కనపడుతుంటే దారి సరిగ్గా ఉన్నట్టు.

జెల్డా వరుసలోని బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017) దగ్గర అనుభవజ్ఞుల్లోనే రెండు పక్షాలున్నాయి. మూల ఆటలో 120 గుళ్లు. గుడికో ఆర్బ్ (బహుమతి గోళం), నాలుగు ఆర్బ్‌లకు ఒక గుండె (ప్రాణం కొలత) గానీ ఒక వంతు దమ్ము గానీ. మొదట్లో మూడే గుండెలుంటాయి గనుక గుండెలే ముందంటారు కొందరు. తొలి ఎనిమిది ఆర్బ్‌లూ దమ్ముకే పోయాలన్నది మా మాట. కొండ ఎక్కినా, ఏరు ఈదినా, పారాగ్లైడర్ మీద తేలినా ఖర్చయ్యేది దమ్మే. మాస్టర్ స్వోర్డ్ అనే పేరున్న కత్తి పెరకాలంటే 13 గుండెలు కావాలి కదా అంటారు, నిజమే. వంటకాలు తిని తెచ్చుకున్న పసుపు గుండెలు అందులో లెక్కకు రావు కూడా. అయితే హటేనో ఊరి దగ్గరున్న కొమ్ముల విగ్రహం ఒక గుండెనో దమ్ము ముక్కనో 100 రూపీలకు (ఆటలోని డబ్బు) కొని, కావలసింది 120కి ఇస్తుంది. మార్చిన ప్రతిసారీ 20 రూపీలు చేతి చమురు. కత్తి పెరికేదాకా గుండెలు పెట్టుకుని, తర్వాత దమ్ముకు మార్చుకోవచ్చు. వానలో మాత్రం ఎంత దమ్మున్నా కొండ ఎక్కబోకండి, జారిపోతారు.

హాలో నైట్ అనే ఆటలో పటం కొన్నా, క్విల్ (పటం గీసే ఈక కలం) కొని బెంచీ మీద కూర్చుంటేనే కొత్తగా తిరిగిన చోటు అందులోకి ఎక్కుతుంది. చేతిలో జియో (ఆ ఆటలోని డబ్బు) బాగా ఉంటే తెలియని చోటికి పోకముందే ఖర్చు పెట్టేయడం మేలు. చచ్చినచోటే అది మన పాత్ర వదిలిన నీడ దగ్గర ఉండిపోతుంది, తెచ్చుకోబోయి మళ్లీ చస్తే ఇక రాదు.

గెన్షిన్ ఇంపాక్ట్ గురించి తల్లిదండ్రులకు ఒక మాట. అందులో రెజిన్ (కొన్ని బహుమతులు తీసుకోవడానికి ఖర్చయ్యే శక్తి) ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున 200 దాకా నిండుతుంది, అంటే 26 గంటల 40 నిమిషాలు. ఆ తర్వాత వృథా అవుతుందన్న బెంగతోనే పిల్లలు రోజూ తెరుస్తారు. ఊళ్లు తిరగడానికి, పెట్టెలు తెరవడానికి రెజిన్ అక్కర్లేదు. నాలుగు రోజులు మానేసినా తిరగాల్సిన లోకం ఎక్కడికీ పోదు.

మా కడప జిల్లాలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సబ్‌నాటికా దానంతటది సేవ్ చేసుకోదు, బేస్‌కు (ఆటలో కట్టుకున్న స్థావరం) వచ్చిన ప్రతిసారీ మనమే చేయాలి. నెట్ సెంటర్లలో ఇంకో ఇబ్బంది. కొన్నిచోట్ల కంప్యూటర్ రీస్టార్ట్ అయితే అంతకుముందు దాచినవన్నీ చెరిగిపోతాయి. గంటకు డబ్బు కట్టి ఆడే పిల్లలు సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని లేవాలి.

మీ పేజీలో ఇలాంటి లెక్కలు వేస్తే పనికొస్తాయి. ఔటర్ వైల్డ్స్ (2019) ఒక్కదానికి మాత్రం ఏ చిట్కా వద్దు. అందులో కొనేది లేదు, పెంచుకునేది లేదు. 22 నిమిషాలకోసారి అంతా మొదటికొస్తుంది, మిగిలేది తెలుసుకున్న సంగతే. దాన్ని మీరు అచ్చేస్తే ఆడడానికి ఇంకేమీ ఉండదు. ఆట పేరు వేయండి, ఓడలోని లాగ్ (తెలుసుకున్న సంగతులు నమోదయ్యే చిట్టా) చదువుకోమని ఒక ముక్క రాయండి, అక్కడితో ఆపేయండి.

ఇట్లు,
కొందరు పాఠకులు,
ప్రొద్దుటూరు, వైఎస్సార్ కడప జిల్లా