మిల్లన్న బండికి అనవసరంగా మార్చిన రెండు సెన్సర్లు

మన షెడ్డుకు బండ్లు తెచ్చే అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్కారం.

అసలు సంగతి ముందు చెప్పేస్తాను, కథ తర్వాత. పోయిన ఏడు వేసవిలో మన కస్టమర్, నూనె మిల్లు మిల్లన్న బెంజ్ సీ-క్లాస్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందని రెండు ఆక్సిజన్ సెన్సర్లు (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేవి) మార్చాను. ఆ రెండూ మార్చాల్సిన పని లేదు. జబ్బు వేరే చోట ఉంది. సెన్సర్ల ఖరీదు, లేబరు కలిపి ఆయన దగ్గర తీసుకున్న 31,500 రూపాయలు ఈ మధ్య తిరిగి ఇచ్చేశాను. అదే ఇంజిన్ ఉన్న బండ్లు మన పుస్తకంలో ఇంకో తొమ్మిది ఉన్నాయి. డిక్కీ మీద ‘కంప్రెసర్’ అని రాసి ఉండే నాలుగు సిలిండర్ల పెట్రోల్ సీ-క్లాస్, ఈ-క్లాస్ బండ్లు, సుమారు 2002 నుంచి 2010 లోపువి. మెకానిక్కుల భాషలో ఎం271 ఇంజిన్. మీది అదే అయితే ఒకసారి తీసుకురండి. ఇరవై నిమిషాల పని. పైసా తీసుకోను.

ఇక కథ.

ఈ మూడు నెలలు మీలో చాలామంది నా మీద కోపంగా ఉన్నారు. ‘రెండు రోజులంటివి, వారమైపాయె’, ‘ఫోన్ ఎత్తవేమప్పా’ అని తిట్టినవాళ్లూ ఉన్నారు. తిట్టాల్సిందే. మూడేళ్లు మన దగ్గర పని నేర్చుకున్న పిల్లోడు పెనుకొండ పక్క ఫ్యాక్టరీలో చేరిపోయాడు. నెలయ్యేసరికి జీతం, ఎక్కి దిగడానికి బస్సు, నేనే పొమ్మన్నాను. కానీ మీ పనులు ఆలస్యం కావడానికి అది సగం కారణమే. మిగతా సగం మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఉంది.

బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడేళ్లుగా కదలకుండా దుమ్ము పట్టిన బెంజ్ ఎస్‌ఎల్‌కే 200 ఒకటి కొన్నాను. 2008 మోడల్. రెండే సీట్లు. బటన్ నొక్కితే రేకు పైకప్పు మడుచుకుని డిక్కీలోకి పోతుంది. నడవని బండి కాబట్టి చవగ్గా వచ్చింది. ఎంతకో ఇక్కడ రాయను, మా ఇంటామె కూడా ఇది చదువుతుంది. లారీ మీద వేసుకుని హైవే 44 మీద అనంతపురం తెచ్చాను. దించుతుంటే మా నాయన మంచం మీద నుంచే చూసి, ‘ఇంట్లో ఆరుగురం ఉంటే రెండు సీట్ల బండి ఎవురికిరా?’ అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

పగలు మీ బండ్లు, పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా నా బండి అని పెట్టుకున్నాను. మన ఊరి ఎండాకాలంలో తొమ్మిదయితే పానా పట్టుకోలేం, చేతికి గుడ్డ చుట్టుకోవాలి. ఎనిమిది అనుకున్నది పది అయ్యేది, పది కాస్తా పన్నెండయ్యేది. మీ బండ్లు ఆగింది అక్కడే.

మొదటి రోజే బుద్ధి వచ్చింది. షెడ్డులో ఉన్న జాకీ దాని కిందికి దూరనే లేదు, బండి అంత కిందికి ఉంటుంది. ముందు చక్రాలను రెండంగుళాల చెక్క పలకల మీదికి ఎక్కించి, అప్పుడు జాకీ తోసి, జాకీ పాయింటు కింద రబ్బరు ముక్క పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టాను. మా నాయన లారీ మెకానిక్. ఆయన కాలంలో తాడిపత్రి బండలు పేర్చి వాటి మీద ఇంజిన్లే నిలబెట్టేవాళ్లు. ‘మాకేమన్నా అయిందా?’ అంటాడు. కాలేదు, నిజమే. కానీ రాయి పగిలే ముందు చెప్పి పగలదు కదా. ఇంట్లో బండి ఎత్తి పని చేసుకునేవాళ్లు నా మాట ఒక్కటి వినండి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరొద్దు. స్టాండ్లు లేకపోతే మన షెడ్డులో తీసుకుపోండి, వెయ్యి రూపాయలు డిపాజిట్ పెట్టండి, తిరిగి ఇచ్చినప్పుడు మీ వెయ్యి మీకు.

పాత పెట్రోలు దించేశాను. మూడేళ్ల పెట్రోలు వాసనే మారిపోయి, వార్నిష్ వాసన వస్తోంది. కొత్త బ్యాటరీ, కొత్త ఆయిలు, ఫిల్టర్లు. ఇంజిన్ స్టార్ట్ అయింది. పైకప్పు మాత్రం కదల్లేదు. హైడ్రాలిక్ పంపు పోయిందనుకుని రెండు రోజులు డిక్కీలో తల పెట్టి కూర్చున్నాను. రిలే చూశాను, ఫ్యూజు చూశాను, పంపుకు నేరుగా కరెంటు ఇచ్చి చూశాను, బాగానే తిరుగుతోంది. మూడో రోజు మా అన్న కూతురు, ఎనిమిదో తరగతి, డిక్కీలో ఉన్న మడత తెరను లాగి ‘చిన్నాన్నా, ఇదేంది?’ అని కొక్కేనికి తగిలించింది. ఆ తెర మూసి ఉంటే తప్ప కప్పు కదలదు. కప్పు మడుచుకుని వచ్చినప్పుడు కింద సామాను ఏదీ నలగకుండా అది కాపలా. మళ్లీ బటన్ నొక్కితే 22 సెకన్లలో కప్పు లోపలికి పోయింది. ఆ పాప ఇప్పటికీ నా దగ్గర ఐస్‌క్రీమ్ వసూలు చేస్తూనే ఉంది.

పైకప్పు అంచుల్లో నీళ్లు పోయే సన్నని కాలువలుంటాయి. మన దగ్గర వాన తక్కువ కదా, అవి చూడక్కర్లేదనుకుంటాం. తప్పు. వాన తక్కువ కాబట్టే ఏడాదంతా దుమ్ము పేరుకుంటుంది, మొదటి వానకు అదంతా బురదై బిగుసుకుంటుంది. రెండో వాన నీళ్లు డిక్కీలోకే. సన్‌రూఫ్ ఉన్న బండ్లకూ ఇదే వర్తిస్తుంది. జూన్ రాకముందే మెత్తని నైలాన్ తీగతో శుభ్రం చేసుకోండి. ఇనప తీగ వద్దు, లోపలి పైపు చిరుగుతుంది.

అన్నీ అయ్యాయి, తిప్పుకుందామని కళ్యాణదుర్గం రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి వచ్చేసరికి చెక్ ఇంజిన్ లైటు. లోపం కోడ్ చూపించే స్కానర్ పెట్టాను. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అనే కోడ్, ఆక్సిజన్ సెన్సర్ కోడ్. మిల్లన్న బండిలో వచ్చినవే. సెన్సర్ ఆర్డర్ పెడదామని బెంగళూరు జేసీ రోడ్డు షాపుకు ఫోన్ చేశాను. రేటు చెప్పాడు. ‘మళ్లీ చేస్తా అన్నా’ అని పెట్టేశాను.

ఇక్కడే నాకు సిగ్గేసింది. నా సొంత డబ్బు అనేసరికి చెయ్యి ఆగింది. మిల్లన్న డబ్బుకు ఆగలేదు.

మరుసటి రోజు తెల్లవారి కరెంటు లేదు. హెడ్‌లైట్ తలకు కట్టుకుని బోనెట్ ఎత్తాను. ఇంజిన్ ముందు వైపు, పై భాగాన, రెండు చిన్న మాగ్నెట్లు ఉంటాయి. బండి నడుస్తుండగా వాల్వులు తెరుచుకునే సమయాన్ని కొంచెం ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు అది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ చెబితే మాగ్నెట్ పని చేస్తుంది. దాని లోపలి వైపంతా ఇంజిన్ ఆయిలే. ఒకదాని కప్లర్ (వైరు వచ్చి తగులుకునే ప్లగ్గు) లాక్ గోరుతో నొక్కి లాగాను. లోపల రెండు పిన్నులూ మెరుస్తున్నాయి. తెల్లగుడ్డ కొన పెట్టి తీస్తే తేనె రంగు ఆయిలు. మొన్న నేను పోసినదే. కప్లర్ వెనక వైరును వేళ్ల మధ్య పట్టి పిండినట్టు నొక్కితే చివర ఒక చుక్క ఊరింది.

అక్కడి నుంచి వైరింగ్ వెంట పోయాను. మీటరు పైన దూరంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కప్లర్ విప్పితే అందులోనూ ఆయిలు. కంప్యూటర్ కప్లర్‌లో ఒక పిన్ను దగ్గర చెమట పట్టినట్టు తడి.

దీపం వత్తి చూడండి, నూనె కింద ఉంటే మంట పైన వెలుగుతుంది. రాగి వైరు కూడా లోపల సన్నటి పోగుల కట్టే. పోగుల సందుల్లో నూనె అలాగే పాకుతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు ఉండటం వల్ల బయటికి చుక్క కూడా కనపడదు. చాలా రకాల ఆక్సిజన్ సెన్సర్లు పోల్చి చూసుకోవడానికి కావాల్సిన బయటి గాలిని వైరు సందుల్లోంచే తీసుకుంటాయి. ఆ దారి ఆయిలుతో మూసుకుంటే సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. సెన్సర్ మంచిదే, దాని ముక్కు మూసుకుపోయింది. కొత్తది వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, ఆయిలు మళ్లీ చేరుతుంది, మళ్లీ లైటు. మిల్లన్న బండికి జరిగింది అచ్చం ఇదే. మొదటి సెన్సర్ వేసిన రెండు నెలలకు లైటు వచ్చింది, రెండోది వేశాను, మళ్లీ వచ్చింది. అప్పుడు ఆయనకు నేను చెప్పింది, ‘ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువన్నా, దానివల్ల’ అని. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరుకు మంచిది కాదు, అంతవరకు నిజమే. కానీ ఆ రోజు అది నాకు తెలియని దాన్ని కప్పిపుచ్చుకునే సాకు.

ఇందులో బండిని తిట్టడానికి ఏమీ లేదు. పదిహేనేళ్లు వేడికి ఉడికిన సీలు ఏ బండిదైనా ఒదులవుతుంది.

మందు పెద్దదేం కాదు. రెండు మాగ్నెట్లు, వాటి రబ్బరు సీళ్లు (ఓరింగులు) కొత్తవి. మాగ్నెట్‌కూ అసలు వైరింగ్‌కూ మధ్య జానెడు అదనపు వైరు ముక్క, దీనికోసమే అమ్ముతారు. రేపు మళ్లీ లీకైనా ఆయిలు ఆ ముక్క దగ్గరే ఆగుతుంది, పారేసి ఇంకోటి వేసుకోవచ్చు. కప్లర్లన్నీ కాంటాక్ట్ క్లీనర్‌తో కడగాలి. ఒక్కసారి కడిగితే సరిపోదు, వైరులో మిగిలింది ఊరుతూనే ఉంటుంది, నెలలో రెండు మూడుసార్లు విప్పి తుడవాలి. నా బండిలో దీంతోపాటు సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) కింద ఉండే బ్రీదర్ పైపు, అంటే ఇంజిన్ లోపలి ఆవిరి పోయే పైపు కూడా ఎండి చీలిపోయి ఉంది. గాలి ఎక్కువ అన్న కోడ్‌కు అసలు కారణం అది. పైపు ఖరీదు తక్కువే, చెయ్యి దూరే సందు లేక ఒక పూటంతా పట్టింది, మోచేయి గీసుకుపోయింది. ఇప్పటికి ఐదు వారాలు, లైటు రాలేదు.

ఆ రోజు సాయంత్రమే నూనె మిల్లుకు పోయాను. మిల్లన్న గానుగ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్కడే బోనెట్ ఎత్తి, కప్లర్ విప్పి, గుడ్డతో తుడిచి చూపించాను. ఆయన గుడ్డ చేతికి తీసుకుని వాసన చూసి, ‘డబ్బా కింద గోనెపట్టా ఒక మూల తడిస్తే తెల్లారేసరికి అవతలి మూల దాకా పోతాది. నూనెకు దూరముందా సామీ! ముందే నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి’ అన్నాడు. డబ్బిస్తే సగం చాలన్నాడు. మొత్తం పెట్టి వచ్చాను. దారిలో బండి నడుపుతుంటే ఒళ్లు తేలికైంది, జేబు కూడా.

కాబట్టి ఇక మీదట మన షెడ్డులో పద్ధతి మారుతుంది. స్కానర్ ఏ పేరు చూపిస్తే ఆ పార్టు మార్చడం మానేస్తున్నాను. స్కానర్ చెప్పేది ఎక్కడ నొప్పి అని, ఎందుకు నొప్పి అని కాదు. 3,000 రూపాయలకు పైన పార్టు ఏదైనా మార్చే ముందు లోపం మీకు కళ్లారా చూపిస్తాను, మీరు రాలేకపోతే వీడియో పంపిస్తాను. తీసిన పాత పార్టు డిక్కీలో పెట్టి ఇస్తాను. దీనికి సమయం పడుతుంది కాబట్టి పాత జర్మన్ బండ్లకు చూసే చార్జి 800 పెడుతున్నాను, పని చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తాను. ఉచితంగా చూడటం మొదట చెప్పిన ఆ ఇంజిన్ బండ్లకు మాత్రమే. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ కప్లర్ కూడా కింద నుంచి చూస్తాను, ఆ ఐదు గేర్ల పెట్టెలోనూ ఆయిలు ఇలాగే వైరెక్కి దాని కంప్యూటర్ దాకా పోతుంది.

టైమింగ్ చెయిన్ (ఇంజిన్ లోపల వాల్వులను సమయానికి నడిపించే చెయిన్) పని మాత్రం ఇప్పట్లో చేయను. ఈ ఇంజిన్లలో చెయిన్ సాగుతుంది, క్యామ్ పళ్లు అరుగుతాయి. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వస్తే అనుమానించండి. దానికి లాకింగ్ టూల్స్ కావాలి, చెయ్యి తిరిగి ఉండాలి. పళ్ల లెక్క తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోవచ్చు. మీ బండి మీద నేర్చుకోలేను. బెంగళూరు పంపిస్తాను, కమీషన్ తీసుకోను. ఆయిలు మాత్రం 15,000 కిలోమీటర్ల దాకా ఆగకుండా 8,000కే మార్చుకోండి, చెయిన్‌కు అదే అన్నం. బెంజ్ కంపెనీ ఇచ్చే 229.5 అప్రూవల్ డబ్బా మీద చూసి కొనండి.

‘ఇంట్లో మేమే చేసుకోవచ్చా?’ అని అడిగేవాళ్లకు, చేసుకోండి అనే చెబుతాను. గిరాకీ పోతుందని భయం లేదు. ఆయిలు, ఫిల్టర్లు, నీటి కాలువలు, కప్లర్లు విప్పి చూసుకోవడం, ఇవన్నీ ఆదివారం పూట అయ్యే పనులు. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. బోల్టులు గిన్నెలో కుప్పగా వేయొద్దు, ముప్పై కోడిగుడ్ల అట్ట తీసుకుని విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టండి, మా ఇంట్లో గుడ్లకు అట్ట మిగలడం లేదు. ఆయిల్ ఫిల్టర్ మూత ప్లాస్టిక్‌ది, బలం చూపించొద్దు, ఎంత బిగించాలో దాని మీదే 25 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) అని ఉంటుంది. ఆ బిగింపు కొలిచే టార్క్ పానా కూడా అద్దె లేకుండా ఇస్తాను. ఎయిర్‌బ్యాగ్ జోలికి, సస్పెన్షన్ స్ప్రింగ్ జోలికి మాత్రం పోవద్దు.

ఆగిపోయిన నాలుగు బండ్లు ఈ శనివారానికి ఇచ్చేస్తాను, ఆ నలుగురికీ నిన్ననే ఫోన్ చేశాను, ఆలస్యానికి లేబరులో తగ్గించాను. ఉచితంగా చూడటం సోమవారం నుంచి, పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపల. ఇంజిన్ చల్లగా ఉండాలి కాబట్టి దగ్గరివాళ్లు ముందు రాత్రే వదిలిపెట్టి పోండి.

ఈ ఆదివారం మాత్రం షెడ్డు మూత. నా బండి రిజిస్ట్రేషన్ కాగితాలు వచ్చాయి. పైకప్పు సిలిండర్ ఒకటి ఇంకా కొంచెం కారుతోంది, అయినా పనిచేస్తోంది. మా నాయన్ను గుత్తి కోట దాకా తీసుకుపోతున్నాను. రెండు సీట్లు చాలు.