నాయిన ఏండ్లు మారిపోయిన ముచ్చట

హన్మకొండ,
ఆదివారం పొద్దుగాల

దోస్తూ,

నీ ఉత్తరం అంది పదిరోజులైతాంది. జవాబు రాయలేదని గుస్సా కాకు, నాయిన రాతల్ని పుస్తకం చేసే పనిల పడి దినాలు తెల్వలేదు. అమ్మ బతుకమ్మ పాటల నోట్‌బుక్కు జగిత్యాల్ల ఏదన్న డీటీపీ దుకాణంల ఇయ్యాల్నా అని అడిగినవ్ గదా. ఇప్పుడే ఇయ్యకు. ముందుగాల నా కథ విను.

నాయిన తను పనిచేసిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు ముచ్చట్లన్నీ మూడేండ్ల కిందట్నే ఒక పాత లెడ్జర్ బుక్కుల రాసిపెట్టిండు. అప్పుడు ఇక్కడ్నే ఒక దుకాణంల టైపు చేయించినం. మంచిగనే కొట్టిండు పాపం, కానీ అనూ ఫాంట్లల కొట్టిండు. ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్ల ఆ దుకాణానికే, ఆ పేజ్‌మేకర్ ముంగటికే పోవాలె. నాయిన సంగతి నీకెర్కే, రోజుకొకటి యాదికొస్తది. ఆఖరికి దుకాణపాయన మా ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండు. సరే అని ఫైలు అడిగి తెచ్చుకొని ఇంట్ల తెరిస్తే తెలుగు లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, గీతలు. అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లు ఒకటే తీరు చదివే అక్షరాల లెక్క, కాదు గదా, ఆ ఫాంటు ఉంటెనే తెలుగు, లేకుంటే పిచ్చిరాతలు.

చలికాలమంత కూసొని మొత్తం నేనే మళ్ల కొట్టిన. ఈసారి వర్డ్‌ల కాదు, ఉత్త టెక్స్ట్ ఫైల్ల. అధ్యాయం పేరు ముంగట ఒక హ్యాష్ గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకు అటొక నక్షత్రం ఇటొక నక్షత్రం, పేరాకు పేరాకు నడుమ ఒక ఖాళీ వరుస. గంతే. దీన్ని మార్క్‌డౌన్ అంటరు, జాన్ గ్రూబర్ అనేటాయన 2004ల బయటపెట్టిండు. ఏ కంప్యూటర్ల తెరిచినా, ఏ ఫోన్ల తెరిచినా చదువస్తది.

ఇగ ఆ టెక్స్టును పుస్తకం చేసేది పాండాక్ అనే ప్రోగ్రాము. దీనికి కిటికీలు, బటన్లు ఏం లేవు, నల్ల టెర్మినల్ల ఆర్డర్ కొట్టాలె. పాండాక్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, నీ ఫైలు పేరు. మళ్ల ఖాళీ, అడ్డగీత, దాన్ని ఆనుకొని ఇంగ్లిష్ చిన్న o అక్షరం. మళ్ల ఖాళీ, నీకు కావల్సిన కొత్త ఫైలు పేరు. ఆ కొత్త పేరు చివర డాక్స్ అని ఉంటే వర్డ్ ఫైలు చేస్తది, ఈపబ్ అని ఉంటే ఫోన్ల చదివే పుస్తకం చేస్తది. చెల్లెకు ఈపబ్ పంపిన, బైండింగ్ ఆయనకు వర్డ్ ఇచ్చిన, రెండింటికీ మూలం ఒక్కటే ఫైలు. దీన్ని రాసింది కంప్యూటర్ కంపెనీ కాదురా, జాన్ మెక్‌ఫర్లేన్ అని కాలిఫోర్నియాల బర్క్‌లీ యూనివర్సిటీల తత్త్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 2006 నుంచి నడుస్తాంది, పైస కట్టేది లేదు.

లోపల ఏం చేస్తదంటే, నీ రాతను సక్కగ వర్డ్‌లకు మార్చదు. ముందుగాల ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని విడదీసి తన చెట్టు ఒకటి కట్టుకుంటది. ఆ చెట్టును చూసి ఏ రూపం అడిగితే ఆ రూపం రాస్తది. అంటే మొదట్ల అది తప్పు సమజ్ చేసుకున్నదనుకో, వర్డ్‌ల తప్పే, ఈపబ్‌ల తప్పే. నా కొంప ముంచింది గదే.

పుస్తకం చివర నాయిన ఒక పట్టిక లెక్క రాసిండు, ఏడాదికి ఒక పేరా. “1969. ఉద్యమం నడుస్తాంది, బడులు బంద్, నేను మిల్లుల చేరిన.” తర్వాత “1974. మిల్లు ఎన్‌టీసీ చేతులకు, అంటే సర్కారు బట్టల కంపెనీకి పోయింది.” అట్ల పదకొండు పేరాలు, ఆఖరుది 2002, మిల్లు మూతపడ్డది. నేను ఉన్నదున్నట్టు కొట్టి, వర్డ్ ఫైలు చేసి, ప్రింట్ తీసి నాయిన చేతుల పెట్టిన. అద్దాలు పెట్టుకొని చివరి పేజీ దగ్గర ఆగిండు. మాట్లాడలేదు. కొంచెం సేపటికి అన్నడు: “అరే, మిల్లు 1979లనే మూస్తే నీ కాలేజీ ఫీజు ఎవలు కట్టిండ్రు?”

చూస్తే నిజమే. 1969 సరిగనే ఉన్నది. 1974 కాస్త 1970 అయింది, దాని తర్వాతిది 1971. 2002 పోయి 1979ల కూసున్నది. నేను కొట్టిన ఫైల్ల మాత్రం అన్ని ఏండ్లు సరిగ్గనే ఉన్నయ్! ఒక రాత్రంత పరేశానైన. సంగతేందంటే, పేరా మొదట్ల అంకె, చుక్క, ఖాళీ కనబడితే మార్క్‌డౌన్ల అది నంబర్ల జాబితా. మొదటి అంకెను పట్టుకుంటది, మిగిలినయ్ ఏమున్నా సూడదు, తనే ఒక్కొక్కటి పెంచుకుంట పోతది. ఎర్రర్ అనలేదు, తప్పేమీ చూపలేదు, సప్పుడు చెయ్యకుండ నాయిన ముప్పై మూడేండ్ల నౌకరీని పదేండ్లు చేసింది.

మందు చిన్నదే. ఏడాది అంకెకూ చుక్కకూ నడుమ ఒక బ్యాక్‌స్లాష్, అంటే ఎడమకు వాలిన గీత (\), పెడితే అది ఉత్త చుక్క అని సమజైతది. పదకొండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టిన, నాయిన ఏండ్లు మళ్ల వచ్చినయ్.

పీడీఎఫ్ లొల్లి ఇంకొకటి. పాండాక్ పీడీఎఫ్‌ను సొంతంగ చెయ్యదు, లేటెక్ అనే, పేజీలు పేర్చే ఇంకొక పెద్ద సామాన్ల మూటతోటి చేపిస్తది, దాన్ని వేరే ఎక్కించుకోవాలె. మామూలుగ ఇస్తే తెలుగు అక్షరం చూసి మొండికేసింది. ఇంజన్ మార్చి జీలేటెక్ పెట్టిన, పని అయింది గానీ పేజీలన్నీ తెల్లగ ఉన్నయ్. దాని ఫాంట్ల తెలుగు లేదాయె. నాయిన రాసిందంత మాయమై అక్కడక్కడ 1969, 1974 అని అంకెలు, చుక్కలు మాత్రం మిగిలినయ్. ఫాంటు పోతన అని చెప్పిన. మన బమ్మెర పోతన పేరు మీదున్న ఫాంటే, దేశికాచారి గారు చేసింది. అక్షరాలు వచ్చినయ్, ఒత్తులు మాత్రం కలువలేదు. హన్మకొండల నకారం పొల్లు వేరు, మకారం వేరు నిలవడ్డయ్. ఫాంటు ఆప్షన్ల లిపి తెలుగు అని ఇంకొక ముక్క రాసినంక గానీ ఒత్తు అక్షరం కింద కూసోలేదు. ఆ ఆర్డర్ పొడుగును యాది పెట్టుకునుడు నాతోని కాదని ఒక ఫైల్ల రాసిపెట్టిన, నీకూ పంపుత.

నీ పాటలకు మాత్రం మూడు ముచ్చట్లు చెప్పాలె. నువ్వు బళ్లె సార్ గదా, పేరా మొదట్ల జాగ ఇడిసే అలవాటుంటది. నాలుగు ఖాళీలు ఇడిస్తే అది కంప్యూటర్ ప్రోగ్రామ్ అనుకొని డబ్బాల పెడ్తది, కాబట్టి ఇడువకు. రెండోది, నోట్‌ప్యాడ్ల దాచేటప్పుడు యూటీఎఫ్-8 అని చూసుకో, తెలుగు అక్షరాలు చెడకుండ దాచే తీరు అది. మూడోదే అసలుది: ఉత్తగ వరుస మీద వరుస కొడితే అన్నిటినీ కలిపి ఒకటే పేరా చేస్తది, ఉయ్యాలో ఉయ్యాలో అనుకుంట పాటంత వచనం లెక్క పారుతది. పాటల ప్రతి వరుస ముంగట ఒక నిలువు గీత, ఒక ఖాళీ పెట్టు. అప్పుడు ఏ వరుసకు ఆ వరుస ఉంటది, ముందట ఇడిసిన జాగలు గూడ అట్లనే ఉంటయ్.

ఒక్క పాట కొట్టి పంపు, నేను ఇక్కడ తిప్పి చూస్త. అమ్మ రెండు తీర్ల పాడుతదన్నవ్ గదా, ఆ రెండో తీరును ఫుట్‌నోట్ల పెడుదాం, పాండాక్‌ల అది మస్తు అల్క.

నాయిన వచ్చి తలాపున నిలవడ్డడు, 1986ల స్ట్రైక్ ముచ్చట ఒకటి మర్శిపోయిండట, కలపాలెనట. ఉంట మరి. అమ్మకు దండం చెప్పు.

నీ
దోస్తు